చిప్ ఆరు, రాత ఏడు

పాత రాస్ప్‌బెర్రీ పై బోర్డులో లైనక్స్ ఎక్కించి, ప్రోక్ డైరెక్టరీలో సీపీయూఇన్ఫో అనే ఫైలు తెరిస్తే కొన్ని వరుసలు కనిపిస్తాయి. మొదట్లోనే ప్రాసెసర్ పేరు ఉంటుంది: ఆర్మ్‌వి6 కంపాటిబుల్ ప్రాసెసర్, రివిజన్ 7, పక్కన బ్రాకెట్లో వి6ఎల్. కాస్త కిందికి వస్తే ఇంకో వరుస: సీపీయూ ఆర్కిటెక్చర్, 7. ఫైలు ఒకటే, చిప్ ఒకటే, రాసిచ్చింది కూడా లైనక్స్ లోపలి మూల ప్రోగ్రామైన ఒకే కెర్నల్. పైన ఆరు, కింద ఏడు.

చదివేది మనిషైతే రెండూ చూసి ఆలోచిస్తాడు. ప్రోగ్రాముకు ఆ తీరిక ఉండదు, ఏదో ఒక వరుసను నమ్మి ముందుకు పోవాలి. పై వరుసలో పొడుగాటి పేరుంది, దాన్ని విడదీసి అర్థం తీయాలి. కింది వరుసలో ఒట్టి అంకె ఉంది, చేయి చాపి అందుకోవచ్చు. అందుకే చాలా ప్రోగ్రాములు ఆ ఏడును అందుకున్నాయి. ఏడో తరం చిప్‌కు మాత్రమే అర్థమయ్యే ఆదేశాలను ఆరో తరం చిప్ ముందు పెట్టాయి. చిప్ వాటిని చూసి నాకు తెలియదంది. తెర మీద ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అని పడి అంతా ఆగిపోయింది.

ఆ ఏడు ఎవరో పొరపాటున కొట్టిన అంకె కాదు. చిప్‌కు రూపమిచ్చినవాళ్లు, కెర్నల్ రాసినవాళ్లు, ప్రోగ్రాములు రాసినవాళ్లు, ఎవరి మటుకు వాళ్లు సరైన పనే చేశారు. అన్ని సరైన పనులూ ఒకచోట చేరి తప్పు జవాబు ఎలా తయారైందో తెలుసుకోవడం నాకు ఎంతో ముఖ్యంగా అనిపిస్తుంది. ఎందుకంటే ఈ తప్పు బరువు మోసేది ఎప్పుడూ అందరికంటే చవక బోర్డు కొన్నవాడే.

ఆర్మ్ అనేది ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఏకార్న్ అనే కంప్యూటర్ కంపెనీలో పుట్టింది. సోఫీ విల్సన్ ఆదేశాల పట్టిక రాసింది, స్టీవ్ ఫర్బర్ దానికి తగ్గ చిప్ రూపొందించాడు. మొదటి చిప్ 1985 ఏప్రిల్ 26న పని చేసింది. తరువాత ఏర్పడిన ఆర్మ్ కంపెనీ అప్పట్లో చిప్‌లు తయారుచేసి అమ్మే దారి పట్టలేదు. డిజైన్లు ఇస్తుంది, లైసెన్సు తీసుకున్నవాళ్లు తమ చిప్‌లో పెట్టుకుంటారు. అలాంటి వ్యాపారంలో ఆదేశాల పట్టికకు ఒక వెర్షన్ నంబరు ఉండి తీరాలి. ఆర్మ్‌వి6 అంటే ఆరో పట్టిక. ఆ పట్టికలో ఉన్న ఆదేశాలన్నీ చిప్‌కు తెలుసు, దానికి బయట ఉన్నవి తెలియవు. సాఫ్ట్‌వేర్ రాసేవాడికీ చిప్ చేసేవాడికీ మధ్య ఒప్పందం అదే.

చిక్కేమిటంటే డిజైన్ల పేర్లలోనూ అంకెలే ఉన్నాయి, ఆ అంకెలకూ పట్టిక వెర్షన్‌కూ పొంతన లేదు. ఒకప్పుడు లెక్కలేనన్ని ఫోన్లలో ఉన్న ఆర్మ్7టీడీఎంఐ డిజైన్‌ది నాలుగో పట్టిక. ఆర్మ్926ది అయిదోది. ఆర్మ్11 కుటుంబానిది ఆరోది. ఏడో పట్టిక వచ్చేసరికి కంపెనీ అంకెలు వదిలేసి కార్టెక్స్ అనే పేరుకు మారింది. ఆ పేరుతో కార్టెక్స్-ఎ8ను 2005లో ప్రకటించింది. ఇక మన పై బోర్డు మీద ఉన్న డిజైన్ పేరు ఆర్మ్1176జేజడ్ఎఫ్-ఎస్. వెనక ఉన్న అక్షరాల్లో జే జావా కోడును నేరుగా నడిపే జజెల్‌ది, జడ్ రహస్యాలను విడిగా కాపాడే ట్రస్ట్‌జోన్‌ది, ఎఫ్ దశాంశ లెక్కలు చేసే హార్డ్‌వేర్‌ది.

ఈ 1176 ఆరో తరంలో ఆలస్యంగా వచ్చిన చిప్. అప్పటికి ఏడో తరం ఆలోచనలు సాగుతున్నాయి. వాటిలో కొన్ని ముందే ఇందులోకి వచ్చేశాయి. ఆదేశాల పట్టికలోకి కాదు, జ్ఞాపకాన్ని (మెమరీని) పేజీలుగా విడదీసి ఎవరికేది కనబడాలో తేల్చే భాగంలోకి. అంటే ఈ చిప్ మాట్లాడే ఆదేశాలు ఆరో తరానివి, జ్ఞాపకం నడిపే తీరులో ఏడో తరం పద్ధతులు ఉన్నాయి.

నడిగూడెం కోట ఎరిగినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఆ కోట నుంచి నాయని వెంకట రంగారావు జమీందారుగా ఏలిన మునగాల పరగణాకు అప్పట్లో చుట్టూ నిజాం రాజ్యమే. ఏ దిక్కు పోయినా నిజాం ఊళ్లే. కానీ పరగణా మాత్రం మద్రాసు ప్రెసిడెన్సీలో కృష్ణా జిల్లాది. ఇది ఎవరి రాజ్యమని పటం మీద వేలుపెట్టి అడిగితే ఒక జవాబు వస్తుంది. దావా వేయాలంటే ఏ చట్టం కింద వేయాలని అడిగితే ఇంకో జవాబు. రెండూ నిజాలే, అడిగిన ప్రశ్నలు వేరు. నిజాం చట్టమే అనుకుని కాగితం పట్టుకుని వస్తే అది ఇక్కడ చెల్లదు. 1176 సంగతీ అంతే: జ్ఞాపకం గురించి అడిగితే ఏడు, ఆదేశాల గురించి అడిగితే ఆరు. ఈ పరగణాకే దివానుగా పనిచేసిన కొమర్రాజు లక్ష్మణరావు 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని నెలకొల్పి శాస్త్ర విషయాలను తెలుగులో అచ్చువేయించాడు. ఆయన తిరిగిన చోట చిప్‌ల గురించి తెలుగులో రాయడానికి వేరే సంజాయిషీ అక్కర్లేదని నా నమ్మకం.

మరి కెర్నల్ ఏమని అడిగింది?

ప్రతి ఆర్మ్ చిప్ లోపలా దాని గుర్తింపు చెప్పే రిజిస్టర్ ఒకటి ఉంటుంది. పై బోర్డులో దాన్ని చదివితే పదహారు మూలంగా లెక్కించే అంకెల్లో 410ఎఫ్‌బి767 అని వస్తుంది. మొదటి 41 అంటే ఇంగ్లీషు ‘ఎ’ అక్షరానికి కంప్యూటర్ సంకేతం, అంటే ఆర్మ్ కంపెనీ డిజైన్. బి76 అన్నది 1176 డిజైన్ సంఖ్య. చివరి 7 సవరణ సంఖ్య. పైన చెప్పిన పేరులో ‘రివిజన్ 7’ అన్నది ఇదే, దానికీ తరానికీ సంబంధం లేదు. ఇంత చిన్న కథలో రెండు ఏడులు, రెండింటికీ చుట్టరికం లేదు.

మధ్యలో ఉన్న ఆ ఎఫ్ చూడండి. తరం ఏదో చెప్పే చోటు అదే. పాత చిప్‌లలో అక్కడ నేరుగా ఫలానా పట్టిక అని రాసి ఉండేది. చోటు నాలుగు బిట్లే, దాంట్లో పట్టేవి పదహారు విలువలు. పైగా చిప్‌లకు విడివిడిగా శక్తులు అబ్బడం మొదలైంది: ఒకదానికి దశాంశ లెక్కలు ఉంటాయి, ఇంకోదానికి ఉండవు. మొత్తాన్నీ ఒకే సంఖ్యలో ఇమడ్చడం ఇక కుదరదని ఆర్మ్‌కు అర్థమైంది. అందుకని ఆ చోటులో ఎఫ్ పెట్టారు. దానర్థం: ఇక్కడ జవాబు లేదు, ఏ శక్తి గురించి కావాలో దానికి సంబంధించిన రిజిస్టర్ దగ్గరికి పోయి చూసుకో. మంచి నిర్ణయమే. తరం ఎంత అన్న ప్రశ్నకు ఒక్క అంకెలో జవాబు చెప్పడం హార్డ్‌వేర్ ఆ రోజుతో మానేసింది.

కెర్నల్ మాత్రం మానలేదు. సీపీయూఇన్ఫోలో ఆర్కిటెక్చర్ అనే వరుస ఎప్పటినుంచో ఉంది, ఏదో ఒక అంకె రాయాలి. కెర్నల్ లోపల కూడా జ్ఞాపకాన్ని ఏ పద్ధతిలో నడపాలో తేల్చుకోవడానికి ఆ అంకె అవసరం. కాబట్టి తరం కనిపెట్టే చిన్న ఫంక్షన్‌లో, ఎఫ్ కనబడితే జ్ఞాపకం శక్తులు చెప్పే రిజిస్టర్ చదవమని రాశారు. ఆ రిజిస్టర్ చివరి నాలుగు బిట్లలో 2 ఉంటే ఆరో తరం, 3 గానీ అంతకన్నా పెద్దది గానీ ఉంటే ఏడో తరం. ఇక 1176 ఏం చెబుతుంది? 3 అని చెబుతుంది. ఆర్మ్ ఇచ్చిన చిప్ మాన్యువల్‌లోనే ఆ 3కు అర్థం రాసి ఉంది: ఏడో తరం జ్ఞాపక పద్ధతిలోని కొన్ని సౌకర్యాలు ఇందులో ఉన్నాయని. చిప్ అబద్ధమాడలేదు. కెర్నల్ తప్పు చదవలేదు. జ్ఞాపకం గురించి తీసుకున్న జవాబు ‘ఆర్కిటెక్చర్’ అన్న పేరున్న వరుసలోకి పోయి కూర్చుంది, అంతే.

నాకు ఇందులో అన్నిటికన్నా ఆశ్చర్యం, కెర్నల్‌కు సరైన జవాబు కూడా తెలియడం. పైన ‘ఆర్మ్‌వి6 కంపాటిబుల్’ అని రాసింది ఎవరు? అదే కెర్నల్. బూట్ అయ్యేటప్పుడు గుర్తింపు సంఖ్యను తన దగ్గరున్న ప్రాసెసర్ల పట్టికతో పోల్చి చూసుకుంటుంది. ఆ పట్టికలో 1176 ఆరో తరం గుంపులోనే ఉంది. యూనేమ్ కమాండుకు వచ్చే ఆర్మ్‌వి6ఎల్ అన్న జవాబు అక్కడిదే. చివరి ‘ఎల్’ లిటిల్ ఎండియన్‌ది, అంటే సంఖ్యలోని చిన్న బైటును ముందు దాచే పద్ధతి. ప్రతి ప్రోగ్రామూ మొదలయ్యేటప్పుడు కెర్నల్ దానికి అందించే సమాచారంలోనూ వి6ఎల్ అనే ఉంటుంది. సరైన మాట మూడు చోట్ల చెప్పింది, తికమకపెట్టే మాట ఒక్క చోట చెప్పింది. జనం ఆ ఒక్క చోటే చూశారు.

దీన్ని మొదట గుర్తించింది పై వాడినవాళ్లు కారు, ఫోన్ల వాళ్లు. 2007లో వచ్చిన మొదటి ఐఫోన్‌లోనూ 1176 కుటుంబం చిప్పే ఉంది. తరువాతి ఏళ్లలో చవక ఆండ్రాయిడ్ ఫోన్లు చాలావాటిలో ఆరో తరం చిప్‌లే వచ్చాయి. ప్రోగ్రాములు తాము నడిచే చిప్ ఏదో తెలుసుకోవడానికి గూగుల్ ఆండ్రాయిడ్ ఎన్‌డీకేలో సీపీయూఫీచర్స్ అనే చిన్న లైబ్రరీ ఇచ్చింది. అది సీపీయూఇన్ఫోలోని ఆర్కిటెక్చర్ అంకెనే చదివేది. కొన్ని ఆరో తరం ఫోన్లు ఏడని చెబుతున్నాయని ఆండ్రాయిడ్ బగ్గుల జాబితాలో 10812 నంబరుతో నమోదైంది. సవరణ చిన్నదే: అంకె ఏడైతే వెంటనే నమ్మకు, ప్రాసెసర్ పేరులో వి6ఎల్ ఉందేమో చూడు, ఉంటే అది ఆరే.

అక్కడితో విషయం ఫోన్లలోనే ఉండిపోయేది. 2012 ఫిబ్రవరి 29న రాస్ప్‌బెర్రీ పై మోడల్ బి అమ్మకానికి వచ్చింది. కేంబ్రిడ్జిలో కంప్యూటర్ చదువుకు వచ్చే పిల్లలు తగ్గిపోతున్నారని దిగులుపడిన ఎబెన్ అప్టన్, ఆయన మిత్రులు పెట్టిన సంస్థ తెచ్చిన బోర్డు అది. ధర 35 డాలర్లు. బ్రాడ్‌కామ్ వారి బీసీఎం2835 చిప్, 700 మెగాహెర్ట్జ్, 256 ఎంబీ జ్ఞాపకం. ఆ చిప్ అసలు బలం వీడియో భాగంలో ఉంది, పక్కన పెట్టిన ఆర్మ్ భాగం అప్పటికే పాతబడిన 1176. ధర అంత తగ్గాలంటే కొత్త తరం చిప్ కుదరదు. బోర్డు లక్షల మంది చేతుల్లోకి పోయింది. ఏడని చెప్పే ఆరో తరం చిప్ ఇప్పుడు పిల్లల బల్లల మీదికి వచ్చింది.

అదే సమయంలో డెబియన్ అనే లైనక్స్ పంపిణీ వాళ్లు ఆర్మ్ కోసం కొత్త పోర్టు సిద్ధం చేస్తున్నారు, పేరు ఆర్మ్‌హెచ్ఎఫ్. దశాంశ లెక్కలను హార్డ్‌వేర్‌తోనే చేయించే పోర్టు అది. 2013 మేలో వీజీ అనే విడుదలతో అధికారికంగా వచ్చింది. దానికి కనీసం ఏడో తరం చిప్ కావాలి. పాత పోర్టు ఆర్మ్‌ఈఎల్ పై మీద నడుస్తుంది, కానీ దశాంశ లెక్కలు హార్డ్‌వేర్ ఉండి కూడా సాఫ్ట్‌వేర్‌తో నెమ్మదిగా చేస్తుంది. కొత్తది ఎక్కదు, పాతది ఎక్కినా నత్తనడక. ఆ విడుదలకు ముందే మైక్ థాంప్సన్, పీటర్ గ్రీన్ అనే ఇద్దరు డెబియన్ మొత్తాన్నీ ఆరో తరానికి తగినట్టు మళ్లీ కంపైల్ చేయడానికి పూనుకున్నారు. వేల ప్యాకేజీలు. రాస్పియన్ అలా పుట్టింది, 2012 జూలైకల్లా పై సంస్థ దాన్నే తమ సిఫార్సు ఓఎస్‌గా తీసుకుంది. స్వచ్ఛందంగా ఇంత పని తలకెత్తుకున్న ఆ ఇద్దరి పేర్లూ పై వాడే ప్రతి విద్యార్థికీ తెలియాలని కోరుకుంటాను.

వాళ్లూ ఒక పేరు మార్చలేదు. ప్యాకేజీలకు డెబియన్ పెట్టిన ఆర్మ్‌హెచ్ఎఫ్ అన్న పేరే ఉంచారు. మార్చి ఉంటే వేల ప్యాకేజీల్లో పేరు మీద ఆధారపడిన ప్రతి చోటా దిద్దుబాట్లు పడేవి. ఉంచడం వల్ల పని అయింది, కానీ ఒకే పేరు మీద రెండు రకాల సరుకు తయారైంది: డెబియన్ వారి ఆర్మ్‌హెచ్ఎఫ్ ఏడో తరానిది, రాస్పియన్ వారిది ఆరో తరానిది. ప్యాకేజీ మేనేజర్‌కు తేడా తెలియదు. డెబియన్ వారి ప్యాకేజీ ఒకటి తెచ్చి పై మీద పెడితే అభ్యంతరం చెప్పకుండా ఎక్కించుకుంటుంది, నడిపేటప్పుడు మాత్రం ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్.

ఏ ఆదేశం దగ్గర ఆగుతుందో ఒకటి దగ్గరగా చూద్దాం. 32 బిట్ల ఆర్మ్ మామూలు పద్ధతిలో ఒక్కో ఆదేశం పొడవు 32 బిట్లు. అందులో ఏం చేయాలో చెప్పడానికే కొన్ని బిట్లు పోతాయి, కాబట్టి 32 బిట్ల సంఖ్యనొకదాన్ని ఒకే ఆదేశంలో ఇమడ్చలేరు. ఆరో తరంలో అలాంటి సంఖ్యను సాధారణంగా పక్కనే జ్ఞాపకంలో దాచి, అక్కడి నుంచి తెచ్చుకుంటారు. ఏడో తరానికి రెండు ఆదేశాలు వచ్చాయి: మూవ్‌డబ్ల్యూ కింది 16 బిట్లు నింపుతుంది, మూవ్‌టీ పై 16 బిట్లు. జ్ఞాపకం దాకా పోయే పని లేకుండా రెండడుగుల్లో సంఖ్య సిద్ధం. క్రోమ్ బ్రౌజర్‌కూ నోడ్‌కూ ఆధారమైన వి8 అనే ఇంజిన్ జావాస్క్రిప్ట్‌ను నడుస్తుండగానే యంత్రభాషలోకి మారుస్తుంది. ముందు చిప్ ఏదో అడుగుతుంది, ఏడంటే ధైర్యంగా మూవ్‌డబ్ల్యూ, మూవ్‌టీ రాస్తుంది. పై బోర్డు ఏడంది. రాసిన కోడు మొదటి మూవ్‌డబ్ల్యూ దగ్గరే ఆగింది. వి8 వాళ్లు ఆండ్రాయిడ్‌లో చేసిన సవరణనే తమ కోడులోనూ పెట్టారు, పైన వ్యాఖ్యలో కారణం వివరించి, రాస్ప్‌బెర్రీ పైని పేరుపెట్టి ఉదాహరణగా చూపించారు. ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు.

అయినా కథ మళ్లీ మొదటికి వచ్చింది. ప్రోగ్రామును దానికి కావాల్సినవాటితో కలిపి ‘ఇమేజ్’గా మూటగట్టే డాకర్ కాలం వచ్చేసరికి ఒకే ఇమేజ్ పేరు కింద రకరకాల చిప్‌లకు వేరువేరు కాపీలు పెట్టడం అలవాటైంది. ఆర్మ్ కింద వి5, వి6, వి7 అని విడివిడిగా ఉంటాయి. ఇమేజ్‌ను లాగే సాఫ్ట్‌వేరు తన చిప్ ఏదో చూసుకుని తగిన కాపీ తెచ్చుకోవాలి. ఆ పని చేసే కంటైనర్‌డీ చూసింది సీపీయూఇన్ఫోలోని అదే వరుస. 2015 నవంబర్ 26న 5 డాలర్ల ధరకు వచ్చిన పై జీరోలోనూ, 2017 ఫిబ్రవరిలో వైఫైతో వచ్చిన జీరో డబ్ల్యూలోనూ అదే బీసీఎం2835, అదే 1176. పాత చిప్ పోయిందనుకున్నచోట మళ్లీ అన్నిటికన్నా చవక బోర్డుగా తిరిగొచ్చింది.

నడిగూడెంలో పాలిటెక్నిక్ చదివే కుర్రాడొకడు అలాంటి జీరో డబ్ల్యూ తెచ్చి నా ముందు పెట్టాడు. సాగర్ ఎడమ కాలువ తూము దగ్గర నీటిమట్టం కొలిచి ఫోనుకు పంపాలని వాడి ప్రాజెక్టు. డాకర్ ఇమేజ్ సజావుగా దిగింది, నడపబోతే మాట లేకుండా ఆగిపోతోంది.

“బోర్డు కాలిపోయిందేమో సార్. దోస్తుగాడి పై 4 మీద ఇదే నడుస్తోంది.”

“కాలితే ఇంత దూరం బూట్ కాదు కదయ్యా. ఆగినప్పుడు ఏ నంబరిచ్చిందో చూడు.”

132 అని ఉంది. లైనక్స్‌లో ఒక ప్రోగ్రామును సిగ్నల్ చంపితే 128కి ఆ సిగ్నల్ సంఖ్య కలిపి చెబుతారు. 132లోంచి 128 తీసేస్తే 4, అది ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ సిగ్నల్. బోర్డు ఆరోగ్యంగానే ఉంది, దాని చేతికి వేరే తరం సరుకు వచ్చింది. ఇమేజ్ లాగేటప్పుడు ప్లాట్‌ఫాం ఆర్మ్ వి6 అని మనమే చెబితే తగిన కాపీ దిగింది, నడిచింది. వాడి ముఖం వెలిగింది గానీ, నాకు మాత్రం ఇంకో సంగతి తోచింది. ఇలా బోర్డు కాలిందనుకుని అటక మీద పడేసిన పిల్లలు సూర్యాపేటలో, మిర్యాలగూడలో, ఇంకెక్కడెక్కడో ఎందరున్నారో. పై 4 కొనగలిగినవాడికి ఈ బాధ అసలు తగలదు.

కంటైనర్‌డీ వాళ్లు తరువాత అదే దిద్దుబాటు చేశారు: అంకె ఏడై, మోడల్ పేరు ఆర్మ్‌వి6 కంపాటిబుల్ అని మొదలైతే ఆరుగా తీసుకోవాలని. ఆండ్రాయిడ్, వి8, కంటైనర్‌డీ. మూడు ప్రాజెక్టులు, మూడుసార్లు అదే మందు. మూలంలో కెర్నల్ దగ్గరే దిద్దొచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ యూజర్ ప్రోగ్రాములు ఆధారపడిన పాత ప్రవర్తనను చెడగొట్టకూడదన్నది లైనక్స్‌లో గట్టి నియమం. ఏ మూల ఏ ప్రోగ్రాము ఆ ఏడు మీద ఆధారపడి ఉందో ఎవరు చెప్పగలరు? దిద్దుకునే భారం కింది అంతస్తుల మీద పడింది. నా మటుకు నాకు ఆ నియమం మంచిదే అనిపిస్తుంది, ఇక్కడ దాని ఖరీదు చిన్నదేమీ కాకపోయినా.

పై సంస్థ తరువాతి బోర్డుల్లో తికమక ఇంకో వైపు తిరిగింది. 2016 ఫిబ్రవరిలో వచ్చిన పై 3లో ఎనిమిదో తరం కార్టెక్స్-ఎ53 ఉంది, 64 బిట్లు. దాని మీద 32 బిట్ల ఓఎస్ ఎక్కిస్తే యూనేమ్ ఆర్మ్‌వి7ఎల్ అంటుంది. ఉన్నదానికంటే తక్కువ చెప్పడం వల్ల ఏదీ కూలదు కాబట్టి పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 4.9 కెర్నల్ నాటికి సీపీయూఇన్ఫోలోని హార్డ్‌వేర్ వరుస అన్ని పై బోర్డులకూ బీసీఎం2835 అనే చెప్పడం మొదలుపెట్టింది. ఆ వరుస చూసి బోర్డు ఏదో తేల్చుకునే ప్రోగ్రాములు ఒక్కసారిగా దారి తప్పాయి. పై 2లో అయితే పేరు మారకుండానే లోపలి చిప్ మారిపోయింది. మొదట వచ్చినవాటిలో బీసీఎం2836, 1.2 రివిజన్‌లో బీసీఎం2837.

వీటన్నిటి మధ్య నమ్మదగిన వరుస ఒకటుంది, రివిజన్ కోడు. పై 3లో అది ఎ02082. కుడి నుంచి లెక్కపెడితే నాలుగో అంకె 2, అంటే బీసీఎం2837. జీరో డబ్ల్యూలో 9000సి1, అక్కడ నాలుగో అంకె 0, అంటే బీసీఎం2835. ఇది తయారీ సమయంలోనే చిప్‌లో రాసేది, కెర్నల్ ఊహించి చెప్పేది కాదు.

2022లో పై సంస్థవారి 64 బిట్ల ఓఎస్ అధికారికంగా వచ్చింది. 2023లో పై 4 వంటి బోర్డుల్లో 32 బిట్ల ఓఎస్‌కు కూడా 64 బిట్ల కెర్నల్‌నే ఎక్కించడం మొదలైంది. అడుగున కెర్నల్ 64, దాని మీద ఉన్న లైబ్రరీలూ ప్రోగ్రాములూ అన్నీ 32. యూనేమ్‌ను అడిగితే ఏఆర్చ్64 అంటుంది, నిజమే, కెర్నల్ అదే. ఆ మాట నమ్మిన ఇన్‌స్టాలర్లు 64 బిట్ల బైనరీలు తెచ్చాయి. అవి నడవడానికి కావాల్సిన లైబ్రరీలు ఆ ఓఎస్‌లో లేవు. నిన్నటిదాకా నడిచిన స్క్రిప్టులు ఒక అప్‌డేట్‌తో ఆగిపోయాయి. 1176లో జ్ఞాపకం గురించిన జవాబు ఆదేశాలకు అంటుకుంది, ఇక్కడ కెర్నల్ గురించిన జవాబు ఓఎస్ మొత్తానికి అంటుకుంది.

డెబియన్ ప్యాకేజీ మేనేజరైన డీపీకేజీని దాని ఆర్కిటెక్చర్ చెప్పమని అడిగితే ఈ ఓఎస్‌లో ఆర్మ్‌హెచ్ఎఫ్ అని సరిగ్గా చెబుతుంది, అయితే వచ్చింది ఆరో తరానిదా ఏడో తరానిదా అన్నది పేరులో తెలియదు. బైనరీ ఫైలును రీడ్ఎల్ఫ్ అనే పనిముట్టుతో చూస్తే మాత్రం ఏ పట్టిక కోసం కంపైల్ చేశారో దాని లోపలే రాసి కనిపిస్తుంది. రస్ట్ భాష ఇన్‌స్టాలర్ రస్టప్ ఎంచుకున్న పద్ధతి నాకు బాగా నచ్చింది. అది కెర్నల్‌ను అడిగి ఊరుకోదు, ఆ క్షణంలో నడుస్తున్న ప్రోగ్రాము ఫైలునే తెరిచి మొదటి అయిదు బైట్లు చదువుతుంది. మొదటి నాలుగూ లైనక్స్ ప్రోగ్రాములన్నిటికీ ఒకటే ముద్ర. అయిదో బైటులో 1 ఉంటే ఈ ఓఎస్ ప్రోగ్రాములు 32 బిట్లవి, 2 ఉంటే 64 బిట్లవి. కెర్నల్ ఏమని చెప్పినా సరే, తేవాల్సిన బైనరీ ఎన్ని బిట్లదో ఆ బైటును బట్టి తేల్చుకుంటుంది.